కంపైల్ అయింది సరే, అమ్మ వచ్చిందా?

లిబ్‌లూయీ పేరు చాలామంది బ్రెయిలీ పాఠకులు విని ఉండరు. వాళ్ల వేళ్ల కింద లేచే చుక్కల వెనక మాత్రం తరచూ ఉండేది అదే. విండోస్‌లో ఎన్‌వీడీఏ, లినక్స్‌లో ఆర్కా వంటి స్క్రీన్ రీడర్లూ, బ్రెయిలీ పుస్తకాలు తయారుచేసే డైసీ పైప్‌లైన్, బ్రెయిలీబ్లాస్టర్ వంటి సాధనాలూ మామూలు అక్షరాన్ని చుక్కలుగా మార్చే పనిని ఈ లైబ్రరీకే అప్పగిస్తాయి. 2002లో దీన్ని మొదలుపెట్టిన జాన్ బాయర్ అమెరికాలోని మాడిసన్‌లో పనిచేసిన ప్రోగ్రామరు. ఆయనకు చూపు ఉండేది కాదు, వినికిడీ ఉండేది కాదు. అప్పటికే లినక్స్‌లో ఉన్న బీఆర్‌ఎల్‌టీటీవై అనే బ్రెయిలీ ప్రోగ్రాము కోడ్‌ను పునాదిగా తీసుకున్నారు. లూయీ బ్రెయిల్ పేరు పెట్టారు. చాలా ఏళ్లుగా దీని బాగోగులు చూస్తున్నవాళ్లలో జ్యూరిక్‌లోని స్విస్ అంధుల గ్రంథాలయం వారు ముఖ్యులు. దాదాపు మూడు నెలలకోసారి కొత్త వెర్షన్ వస్తుంది. అందులో, ఏ అక్షరానికి ఏ చుక్కలో చెప్పే తెలుగు పట్టిక కూడా ఉంది.

దీన్ని సోర్స్ నుంచి సొంతంగా బిల్డ్ చేసుకోవాలా, లేక లినక్స్ పంపిణీదారులు కట్టి ఇచ్చిన ప్యాకేజీ వేసుకుని ఊరుకోవాలా? ఈ తగవును ఇద్దరి నోట వినిపిద్దాం. ఒకరు బ్రెయిలీ నేర్పి రిటైరైన మాస్టారు. పుట్టుకతోనే చూపు లేదు. లినక్స్ వాడతారు, నలభై గళ్ల బ్రెయిలీ డిస్‌ప్లే మీద చదువుతారు. రెండోవారు ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీరమ్మాయి, ప్యాకేజింగ్ పనిలో ఆరితేరినది. మనుషులు కల్పితం, చిక్కులు కాదు. సొంతంగా కట్టుకోవాలని పట్టుబట్టింది ఇంజనీరే అనుకుంటారేమో. కాదు, మాస్టారే.

“ఒక్క కమాండ్‌తో అయ్యే పనికి ఇంత తతంగం ఎందుకు మాస్టారూ?” అని ఆమె మొదలుపెట్టింది. “డెబియన్‌లో లైబ్రరీ ఒక ప్యాకేజీ, పట్టికలు ఇంకోటి, కమాండ్లు ఇంకోటి, పైథాన్ నుంచి వాడుకోవడానికి మరోటి. అన్నీ ఒకదానితో ఒకటి సరిపోయేలా చూసి మరీ ఇచ్చారు. అవి వదిలేసి నా చేత టెర్మినల్ తెరిపిస్తారేంటి?”

“డెబియన్ స్థిర విడుదల సుమారు రెండేళ్లకోసారి వస్తుందమ్మా. వచ్చాక అందులో వెర్షన్లు మారవు. ఇవాళ ఎవరో పుణ్యాత్ముడు తెలుగు పట్టికలో ఒక తప్పు దిద్దాడనుకో. మూడు నెలల్లో లిబ్‌లూయీ కొత్త వెర్షన్‌లో అది వచ్చేస్తుంది. నా వేలి కిందికి ఎప్పుడొస్తుంది?”

“ఆలస్యమవుతుంది, ఒప్పుకుంటాను. కానీ 2022లో ఒక భద్రతా లోపం బయటపడింది, సీవీఈ-2022-26981 అని. 3.21.0 దాకా ఉన్న వెర్షన్లలో, పట్టికను చదివే కోడ్‌లో బఫర్ ఓవర్‌ఫ్లో. ప్యాకేజీ వాడేవాళ్లకు అలాంటివాటికి అతుకు వేసి పంపేవాళ్లు ఉంటారు. మీరు కట్టుకుని మరిచిపోయిన కాపీకి ఎవరు పంపుతారు?”

“ఎవరో చెడగొట్టిన పట్టిక తెచ్చి పెట్టుకుంటేనే కదా ఆ ప్రమాదం?”

“తెచ్చి పెట్టుకుంటారు కదా! కొత్త పట్టికల కోసమే కదా అసలు ఈ బిల్డు!”

ఈ దెబ్బ గట్టిదే. మాస్టారు దానికి జవాబు చెప్పలేదు, మాట మార్చారు.

అయినా ఆయన అడిగిన పని మొదలైంది. మొదటి మెట్టు మీదే ఆగిపోయింది కూడా. గిట్ నుంచి సోర్స్ దించుకుని, అలవాటు కొద్దీ కాన్ఫిగర్ అని కొడితే అలాంటి ఫైలే లేదంది కంప్యూటరు. సోర్స్ నుంచి కట్టడం కొత్తగా నేర్చుకునేవాళ్లలో సగం ఉత్సాహం ఇక్కడే నీరుగారిపోతుంది. తప్పు ఎవరిదీ కాదు. కాన్ఫిగర్ అనేది మనిషి రాసిన ఫైలు కాదు. ఆటోకాన్ఫ్, ఆటోమేక్, లిబ్‌టూల్ అనే మూడు పాత పనిముట్లు కలిసి తయారుచేసే స్క్రిప్టు. అభివృద్ధి జరిగే భాండాగారంలో దాన్ని ఉంచరు, ముడి సరుకే ఉంచుతారు. ముందు ఆటోజెన్ అనే చిన్న స్క్రిప్టు నడిపితే కాన్ఫిగర్ పుడుతుంది. ఆ మూడు పనిముట్లూ మన దగ్గర లేకపోతే ఆటోజెన్ కూడా ఆగిపోతుంది, ఫలానా మ్యాక్రో తెలియదంటూ అర్థం కాని మాటొకటి అని. ఆ మాటకు అర్థం చాలాసార్లు ఒకటే, లిబ్‌టూల్ గానీ, వీటికి తోడుండే ప్యాకేజ్-కాన్ఫిగ్ గానీ ఇన్‌స్టాల్ కాలేదని.

“విడుదల టార్‌బాల్ దించుకోమన్నాను కదా,” అన్నారు మాస్టారు. “అందులో కాన్ఫిగర్ సిద్ధంగా ఉంటుంది.”

“దించాను. అందులోనూ లేదు.”

ఇదొక ముచ్చటైన ఉచ్చు. గిట్‌హబ్‌లో ప్రతి విడుదల కిందా రెండు రకాల కట్టలుంటాయి. ప్రాజెక్టు వాళ్లు స్వయంగా తయారుచేసి పెట్టింది ఒకటి, దానికి లిబ్‌లూయీ పేరూ వెర్షన్ నంబరూ ఉంటాయి. రెండోది సోర్స్ కోడ్ అనే పేరుతో గిట్‌హబ్ తనంతట తానే చుట్టి పెట్టేది. అది ఆ రోజు భాండాగారం ఎలా ఉందో అలా తీసిన నకలు, కాబట్టి అందులో కాన్ఫిగర్ ఉండదు. పేరు చూసి సోర్స్ కావాలనుకున్నవాళ్లు సహజంగా రెండోదే దించుకుంటారు. ఇంజనీరూ అదే చేసింది. ప్యాకేజింగ్‌లో ఆరితేరినా సరే.

మ్యాక్‌లో ఇంకో తిరకాసు. లిబ్‌టూల్ అనే పేరుతో యాపిల్‌కు సొంత పనిముట్టు వేరే ఉంది, దీనికీ దానికీ పోలిక లేదు. అందుకే హోమ్‌బ్రూ అసలైన గ్నూ లిబ్‌టూల్‌ను ముందు జీ అక్షరం తగిలించి పెడుతుంది. విండోస్ వాళ్లకైతే ఈ గొడవలో దిగమని సలహా ఇవ్వడం కూడా అన్యాయం. ప్రతి విడుదలతోనూ విండోస్‌కు కట్టిన జిప్ ఫైళ్లు ప్రాజెక్టే ఇస్తుంది.

చివరికి గిట్ సోర్స్‌లోనే ఆటోజెన్ నడిపాక కాన్ఫిగర్ పుట్టింది, నడిచింది. ఇక కంపైల్ చేసే మేక్ కమాండ్ కొట్టారు. వందల కొద్దీ వరుసలు తెర మీద పరుగెత్తి, చివర్న ఎర్రర్ 1 అని ఆగాయి.

అప్పుడు వచ్చింది ఈ సంవాదంలో అసలైన గొడవ.

“అదిగో చూడండి మాస్టారూ, పైన ఎర్రగా కనబడుతోంది...” అంటూ ఆగింది ఆమె.

“కనబడదు,” అన్నారాయన మామూలుగా. “నాకు ఒకసారికి నలభై గళ్లు. ఒక గడికి ఒక అక్షరం. కంపైలరు రాసే ఒక్క వరుస నా డిస్‌ప్లే మీద ఐదారు ముక్కలవుతుంది. ఎరుపు లేదు, పైన లేదు, కింద లేదు. నువ్వు మేక్‌కి జే ఎనిమిది అని పెట్టావు కదా, త్వరగా అవుతుందని. ఎనిమిది పనులు ఒకేసారి నడిచి, ఒకదాని ఎర్రరు మధ్యలో ఇంకోదాని వరుస దూరింది. నీ కంటికి అది రెండు రంగులు. నా వేలికి కలగాపులగం.”

“మరి మీరెలా చేస్తారు?”

“ఒక్కటొక్కటిగా నడుపుతాను, జే లేకుండా. వచ్చిందంతా ఒక ఫైల్లోకి మళ్లిస్తాను. ఆ ఫైల్లో ఎర్రర్ అన్న మాట మొదటిసారి ఎక్కడొచ్చిందో గ్రెప్‌తో వెతుకుతాను. చివరిది కాదమ్మా, మొదటిది. చివర్న మేక్ చెప్పేది తన ఏడుపు మాత్రమే. ఎక్కడ తన్నిందో మొదటి వరుస చెబుతుంది. కాన్ఫిగర్ దగ్గరే ఆగితే తెర మీది మాట నమ్మను, కాన్ఫిగ్ లాగ్ ఫైలు తెరుస్తాను. ఏ పరీక్ష కోసం ఏ చిన్న ప్రోగ్రాము కంపైల్ చేసిందో, అది ఎందుకు కాలేదో అంతా అందులో ఉంటుంది.”

నిజానికి ఇది చూపున్నవాళ్లకూ మంచి పద్ధతే. ఎర్ర రంగు చూసి కింది నుంచి పైకి వెతికేవాళ్లు చాలాసార్లు పర్యవసానాన్ని పట్టుకుని కారణమనుకుంటారు. మాస్టారు చూపించిన ఫైల్లో మొదటి ఫిర్యాదు చాలా చిన్నది. మాన్యువల్ తయారుచేసే మేక్‌ఇన్‌ఫో లేదని. గిట్ నుంచి తెచ్చుకున్న సోర్స్‌లో సిద్ధం చేసిన మాన్యువల్ ఉండదు కాబట్టి టెక్స్‌ఇన్‌ఫో అనే ప్యాకేజీ కావాల్సి వచ్చింది. సీ కోడ్‌లో ఏ దోషమూ లేదు. పుస్తకం అచ్చు వేయలేక కార్ఖానా ఆగిపోయింది.

“ఇదే నేను మొదట్నుంచీ అంటున్నది,” అందామె. “చదివేవాడికి చుక్కలు కావాలి. టెక్స్‌ఇన్‌ఫో అంటే ఏమిటో తెలుసుకోవాల్సిన ఖర్మ అతనికెందుకు? సోర్స్ అందరికీ తెరిచే ఉందని చెప్పి, కట్టుకోవడం మాత్రం నీ తలరాత అనడం స్వేచ్ఛ కాదు, పని తప్పించుకోవడం.”

“అందరూ కట్టుకోవాలని నేను అన్నానా? ఒక్కడైనా కట్టగలగాలి, ఆ ఒక్కడు తెలుగు బ్రెయిలీ చదివేవాడై ఉండాలి అంటున్నాను. కట్టేవాళ్లంతా చూపున్నవాళ్లయితే, తప్పొస్తే ఎవరికి తెలుస్తుంది?”

టెక్స్‌ఇన్‌ఫో వేశాక బిల్డ్ ముగిసింది. మేక్ ఇన్‌స్టాల్ కూడా అయింది. మాటను చుక్కలుగా మార్చే లూ_ట్రాన్స్‌లేట్ కమాండ్ నడిపితే మళ్లీ మొండికేసింది, లిబ్‌లూయీ డాట్ ఎస్ఓ డాట్ 20 అనే ఫైలు తెరవలేకపోతున్నానని. ఫైలు కళ్లెదుటే, యూజర్ లోకల్ కింద లిబ్ ఫోల్డర్‌లో ఉంది. లినక్స్ లోడరు మాత్రం తన జాబితా చూసుకుంటుంది, జాబితాలో ఇంకా ఎక్కలేదు. ఎల్‌డీకాన్ఫిగ్ ఒకసారి నడిపితే ఎక్కుతుంది. ఇది చిన్న చిక్కు. నిజాయితీగా ఆగిపోయే చిక్కు ఏదైనా చిన్నదే.

ఆగిపోనిది పెద్దది. ఆర్కా ఇన్‌స్టాల్ అయి ఉన్న కంప్యూటర్లో సాధారణంగా పంపిణీదారుల లిబ్‌లూయీ ముందే ఉంటుంది. ఇప్పుడు పక్కన కొత్తది చేరింది. ఏ ప్రోగ్రాము దేన్ని ఎత్తుకుంటుందో పైకి తెలియదు. కొత్త కమాండ్ పాత లైబ్రరీని పట్టుకోవచ్చు, పాత లైబ్రరీ కొత్త పట్టికను చదవబోవచ్చు. కొత్త పట్టికలో అప్పటికి లేని ఆదేశం ఏదైనా ఉంటే, ఇదేమిటో నాకు తెలియదని లైబ్రరీ పట్టిక మొత్తాన్నీ తిప్పికొడుతుంది. అది చూసి పట్టికే తప్పనుకుంటాం. ఏ లైబ్రరీ వాడుకలో ఉందో ఎల్‌డీడీతో కనుక్కుందామంటే, బిల్డ్ ఫోల్డర్‌లో కనిపించే లూ_ట్రాన్స్‌లేట్ అసలు ప్రోగ్రామే కాదు. అది లిబ్‌టూల్ పెట్టిన షెల్ స్క్రిప్టు. అసలుది లిబ్స్ అనే దాపుడు ఫోల్డర్‌లో ఉంటుంది.

“సిస్టంలోకి ఇన్‌స్టాల్ చెయ్యొద్దని ఇందుకే మొత్తుకుంటాను,” అందామె. “కాన్ఫిగర్‌కి ప్రిఫిక్స్ ఇచ్చి మీ హోం ఫోల్డర్లో ఒక మూల పెట్టుకోండి. అసలు ఇన్‌స్టాలే అక్కర్లేదు. బిల్డ్ ఫోల్డర్‌లోనే ఉండి, లూయిస్_టేబుల్‌పాత్ అనే వేరియబుల్‌కి పట్టికల ఫోల్డర్ చూపిస్తే చాలు. ఆర్కా జోలికి పోదు, పాతది పాతగానే ఉంటుంది.”

ఇందులో మాస్టారికి వాదించడానికేమీ లేదు. ఆయనా అలాగే చేస్తానన్నారు.

పైథాన్ బైండింగ్ దగ్గర ఇంకో మాట దొర్లింది. లిబ్‌లూయీ లోపల ఒక అక్షరాన్ని మామూలుగా 16 బిట్లలో దాచుకుంటుంది. కాన్ఫిగర్ సమయంలో యూసీఎస్4 కోరుకుంటే 32 బిట్లు. తెలుగు యూనికోడ్ మొత్తం 16 బిట్లలో ఇమిడిపోతుంది కాబట్టి తెలుగు కోసం పెద్దది కోరుకోనక్కర్లేదు, ఎమోజీల వంటివాటికి కావాలి. ప్రమాదం ఎక్కడంటే, ఒక ప్రోగ్రామును 16 అనుకుని కంపైల్ చేసి 32 లైబ్రరీకి తగిలించడం. అక్షరాలు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తాయో ఇద్దరి లెక్కా కలవదు. వచ్చేది చెత్త. లైబ్రరీ ఏ పరిమాణంతో పుట్టిందో అడగడానికి లూ_చార్‌సైజ్ అనే ఫంక్షనే ఉంది, అనుమానం వస్తే ముందు దాన్ని అడగాలి.

ఇక్కడిదాకా వచ్చాక ఆమె అట్టే దాచుకున్న అస్త్రం తీసింది.

“మాస్టారూ, ఇంత యుద్ధం తెలుగు పట్టిక కోసమే కదా. లిబ్‌లూయీ పట్టికలు కంపైల్ అయ్యే కోడ్ కాదు. మామూలు టెక్స్ట్ ఫైళ్లు. ప్రోగ్రాము నడిచేటప్పుడే వాటిని చదివి, అప్పటికప్పుడు మెమరీలో సిద్ధం చేసుకుంటుంది. దిద్దిన పట్టిక ఒక్కటి తెచ్చి ఒక ఫోల్డర్‌లో పెట్టి, ఆ వేరియబుల్ చూపిస్తే ప్యాకేజీ లైబ్రరీయే దాన్ని చదువుతుంది. సీ కంపైలరు ముట్టుకోనక్కర్లేదు. మీ శిష్యులు విండోస్ మీద ఎన్‌వీడీఏ వాడతారు కదా, అది తన లిబ్‌లూయీని తనతోనే మోసుకు తిరుగుతుంది. మీరిక్కడ లినక్స్‌లో ఎంత కట్టినా అక్కడ ఒక్క చుక్క మారదు. వాళ్లకు సొంత పట్టిక కావాలంటే యాడ్-ఆన్‌గా ఇచ్చే వీలు కొత్త వెర్షన్లలో ఉంది.”

ఆమె చెప్పింది అక్షరాలా నిజం. లిబ్‌లూయీ గురించి చాలామందికి తెలియని ముఖ్య విషయం ఇదే. పట్టికలో తప్పు దిద్దడానికి ప్రోగ్రామరు కానక్కర్లేదు. ఒక వరుసలో ఒక నియమం ఉంటుంది. ఏ ఆదేశం, ఏ అక్షరం, ఏ చుక్కలు, అంతే. టెక్స్ట్ ఎడిటర్ వాడగలిగితే చాలు.

మాస్టారు కాసేపు ఊరుకున్నారు. “సరే,” అన్నారు చివరికి. “టైపు చెయ్యి. అమ్మ.”

ఆమె టైపు చేసింది. లూ_ట్రాన్స్‌లేట్ ఏవో ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కక్కింది. తప్పేమీ కాదు. డిస్‌ప్లే పట్టికగా యూనికోడ్ డాట్ డిస్ అనే ఫైలును తెలుగు పట్టిక పేరుకు ముందు కామాతో చేర్చకపోతే చుక్కల ఆకారాలు రావు. చేర్చాక వచ్చాయి.

“ఎన్ని గళ్లు?”

“నాలుగు.”

“రెండో గడిలో ఏముంది?”

“4వ చుక్క ఒక్కటే.”

“అయితే బాగుంది.”

ఎందుకు బాగుందో చెప్పాలంటే కంప్యూటరు వదిలి బ్రెయిలీలోకి వెళ్లాలి. ఈ వ్యాసంలో మిగతా సాంకేతిక చిక్కులన్నిటికంటే ఇదే ముఖ్యం. తెలుగుతో సహా మన భాషలకు 1951 నుంచి ఉన్నది భారతి బ్రెయిలీ. ఏ లిపిలో రాసినా క అంటే 1, 3 చుక్కలు, మ అంటే 1, 3, 4. గుణింతపు గుర్తుకీ అచ్చుకీ తేడా లేదు, రెంటికీ ఒకే గడి, అదీ హల్లు తర్వాతే వస్తుంది. తెలుగు అన్న మాటకు ఆరు గళ్లు: త, ఎ, ల, ఉ, గ, ఉ. ఇందులో ఏ మెలికా లేదు, ఒక్కో అక్షరాన్ని ఒక్కో గడిగా మార్చే అతి సాదా పట్టిక కూడా దీన్ని సరిగ్గా రాస్తుంది.

మెలిక ఒత్తుల దగ్గర ఉంది. యూనికోడ్‌లో అమ్మ అంటే అ, మ, పొల్లు, మ. పొల్లు హల్లు తర్వాత. బ్రెయిలీలో పొల్లు, అంటే 4వ చుక్క, తాను పొల్లు చేసే హల్లుకు ముందు రావాలి. అ, పొల్లు, మ, మ. పట్టిక ఈ వరుసను తిప్పాలి. తిప్పకుండా ఉన్నదున్నట్టు రాసేస్తే, చదివేవాడి వేలికి ముందు అ, తర్వాత అకారంతో మ, ఆ తర్వాత పొల్లు చేసిన మ తగులుతాయి. అంటే “అమమ్”. కంప్యూటరు ఎర్రరు ఇవ్వదు. గళ్ల సంఖ్య కూడా తేడా రాదు, నాలుగుకి నాలుగే. బ్రెయిలీ రాని మనిషి తెర మీద ఆ చుక్కలు చూసి, బాగానే వచ్చిందని సంతకం పెట్టేస్తాడు.

“శాస్త్రం కొట్టు,” అన్నారు మాస్టారు. అందులో పొల్లు రెండుసార్లు రావాలి, సకు ముందొకటి, తకు ముందొకటి. “అక్షరం కొట్టు.” యూనికోడ్‌లో క్ష అంటే మూడు సంకేతాలు. బ్రెయిలీలో దానికి సొంత గడి ఉంది, 1, 2, 3, 4, 5 చుక్కలు. అక్కడ పొల్లు కనబడిందంటే పట్టిక తప్పు. జ్ఞ కూడా అంతే, 1, 5, 6. “సాఫ్ట్‌వేర్ కొట్టు.”

“అదెందుకు మాస్టారూ?”

“కొట్టవమ్మా.”

ఆ మాటలో, ఈ పేజీలో అచ్చయిన ప్రతి సాఫ్ట్‌వేర్‌లోనూ, ట తర్వాత కంటికి కనిపించని ఒక గుర్తు ఉంటుంది. వ ఒత్తుగా మారి కిందికి దిగకుండా పక్కన నిలబడడానికి టైపు చేసేవాళ్లు దాన్ని పెడతారు, జీరో విడ్త్ నాన్ జాయినర్ అని దాని పేరు. పట్టికలో దానికి నియమం లేకపోతే లిబ్‌లూయీ దాన్ని మింగెయ్యదు. నాకు తెలియని అక్షరం అని, దాని యూనికోడ్ సంఖ్యను చుక్కల్లో రాసేస్తుంది. మాట మధ్యలో కొన్ని గళ్ల చెత్త. తెర చూసేవాడికి లేనే లేని గుర్తు, వేలితో చదివేవాడికి అడ్డుగోడ అవుతుంది. దినపత్రికల ఇంగ్లీషు మాటల తెలుగులో ఇవి కోకొల్లలు.

వెనక్కి మార్చడం, అంటే చుక్కల్లో టైపు చేసింది తెలుగు అక్షరాలుగా రావడం, ఇంకా కష్టం. 3, 4, 5, 6 చుక్కల గడి ణ కావచ్చు, అంకెల ముందు పెట్టే గుర్తూ కావచ్చు. తెలుగు మాట ణతో మొదలవదని మనకు తెలుసు, పట్టికకు ఎవరో చెప్పాలి.

“ఇవన్నీ ప్యాకేజీతోనే పరీక్షించొచ్చుగా?” అంది ఇంజనీరు. గొంతులో మునుపటి ధీమా లేదు.

“ఒక్కో మాటా ఇలా నేను చెబుతూ నువ్వు కొడుతూ ఉంటే పరీక్షించొచ్చు. కానీ రేపు ఇంకెవరో ఒక నియమం మారుస్తారు. శాస్త్రం బాగవుతుంది, అక్షరం పాడవుతుంది. అది కనిపెట్టేదెవరు?”

కనిపెట్టే ఏర్పాటు లిబ్‌లూయీ సోర్స్‌లోనే ఉంది. యామ్ల్ అనే సాదా టెక్స్ట్ పద్ధతిలో ఒక పరీక్ష ఫైలు రాయవచ్చు. పైన పట్టిక పేరు, కింద జతలు జతలుగా తెలుగు మాట, దానికి రావలసిన చుక్కలు. మేక్ చెక్ కొట్టినప్పుడల్లా ప్రతి జతనూ లెక్కగట్టి, తేడా వస్తే ఫలానా మాట తప్పిందని చెబుతుంది. వెనక్కి మార్చే పరీక్షలూ అలాగే రాయవచ్చు. ప్రాజెక్టులో ఎవరు ఏ మార్పు పంపినా ఈ పరీక్షలన్నీ నడుస్తాయి. తెలుగు రాని స్విస్ మనిషి ఏదో ఉమ్మడి ఫైలు సవరిస్తూ పొరపాటున అమ్మను పాడుచేస్తే, ఆ జత ఆయన్ని అక్కడికక్కడే ఆపుతుంది. మాస్టారు సోర్స్ బిల్డ్ కోసం పట్టుబట్టింది ఈ మేక్ చెక్ కోసమే. ఆ మాట ముందే చెప్పి ఉంటే ఇంత వాదన జరిగేది కాదు. అయినా వాదనలో అసలు కారణం ముందే చెప్పేవాళ్లు ఎంతమంది?

ఇంజనీరు మేక్ చెక్ కొట్టింది. అన్నీ నెగ్గాయి. ఆమె ముఖం విప్పారింది.

“దాటేసినవి ఎన్నో చూడమ్మా,” అన్నారాయన.

చూసింది. యామ్ల్ పరీక్షలు నడవనే లేదు. వాటిని చదవడానికి లిబ్‌యామ్ల్ అనే చిన్న లైబ్రరీ, దాని డెవలప్‌మెంట్ ఫైళ్లతో సహా, బిల్డ్‌కు ముందే ఉండాలి. లేకపోతే కాన్ఫిగర్ ఆగదు, మేక్ ఆగదు, మేక్ చెక్ కూడా ఆగదు. ఆ పరీక్షలను పక్కన పెట్టి, మిగిలినవి నడిపి, అంతా క్షేమం అంటుంది. టెక్స్‌ఇన్‌ఫో లేదని రాద్ధాంతం చేసిన బిల్డే, మాన్యువల్ కంటే ఎన్నో రెట్లు అవసరమైన దీని దగ్గర నోరు మెదపలేదు. ఈ మొత్తం వ్యవహారంలో ఒక్క ఉచ్చునే గుర్తుపెట్టుకోగలిగితే ఇదే గుర్తుపెట్టుకోవాలి. కాన్ఫిగర్ లేకపోవడం, ఎస్ఓ డాట్ 20 దొరక్కపోవడం ఒక సాయంత్రం పాడుచేస్తాయి. నడవని పరీక్ష నెగ్గిన పరీక్షలా కనబడితే మాత్రం తప్పు చుక్కలు పాఠ్యపుస్తకం దాకా వెళ్తాయి.

లిబ్‌యామ్ల్ వేసి, కాన్ఫిగర్ నుంచి మళ్లీ మొదలుపెట్టారు. ఊరికే మేక్ కొడితే సరిపోదు. అది ఉందో లేదో తేల్చేది కాన్ఫిగర్ మాత్రమే.

“మీ శిష్యులకు మాత్రం ప్యాకేజీయే,” అంది ఆమె, కొత్త వరుసలు పరుగెడుతుండగా.

“వాళ్లకు ప్యాకేజీయే. ఎవడు కాదన్నాడు?”

“మీరే, ఇందాక.”

“ఇందాక నువ్వు లిబ్‌యామ్ల్ వెయ్యలేదు.”

తీర్పు చెప్పాల్సి వస్తే, రోజూ చదువుకునేవాళ్ల విషయంలో ఇంజనీరుదే న్యాయం. ఎన్‌వీడీఏతో వచ్చింది, డెబియన్ ఇచ్చింది వాడుకోవాలి. పట్టికలో చిన్న దిద్దుబాటుకు టెక్స్ట్ ఫైలు చాలు. ప్రతి ఊళ్లోనూ సోర్స్ బిల్డ్ చేసేవాడు అక్కర్లేదు. తెలుగు మొత్తానికి కొందరైనా, అదీ బ్రెయిలీ వేలితో చదివేవాళ్లతో కలిసి కూర్చుని పరీక్షలు నడిపేవాళ్లు లేకపోతే మాత్రం, మాస్టారి భయమే నిజమవుతుంది.

పరీక్ష జత రాయడానికి సీ భాష రానక్కర్లేదు, లినక్స్ ఉండనక్కర్లేదు. తెలుగు బ్రెయిలీ చదివే పాఠకులు, నేర్పే ఉపాధ్యాయులు తమ డిస్‌ప్లే మీద తప్పుగా వచ్చిన మాట కనబడినప్పుడు మూడు విషయాలు రాసిపెట్టుకోండి: ఆ మాట, వచ్చిన చుక్కలు, రావలసిన చుక్కలు. ఏ ప్రోగ్రాములో, ఏ వెర్షన్‌లో వచ్చిందో పక్కన చేర్చండి. కంప్యూటరు తెలిసిన స్నేహితులెవరైనా దాన్ని లిబ్‌లూయీ ప్రాజెక్టుకు గిట్‌హబ్‌లో పంపగలరు. ఒత్తులున్న మాటలతో మొదలుపెట్టండి.